గాలిని ఒత్తే చెయ్యి

సోమవారం

ఊటపాలెంలో ప్రతి మరమ్మతు కొట్టూ రోజువారీ చిట్టా రాయాలని ఊరి సంఘం రూలు పెట్టింది. రాసినదాన్ని చదివే నాథుడు లేడు. అందుకే నేను నా ఇష్టమొచ్చినట్టు రాస్తాను.

పొద్దున్నే, లోపలి గాలి బయటికి పోకుండా మూసే గాలితలుపు గాడిలో పేరుకున్న ఎర్రదుమ్ము గీకి పారేశాను. నిన్న బయట లేచిన దుమ్ము ఇంకా అణగలేదు. దీపాల వెలుగులో పెంచే తోటలో గోంగూర కోసుకొచ్చి, టీ పెట్టుకునేలోపే వంటశాల భ్రమరాంబ తన మరచెయ్యి పట్టుకుని వచ్చింది. నూనె వాసన తగిలితే చాలు, అది గరిటె తిప్పడం మొదలుపెడుతోందట. గుడిలో దీపం దగ్గర నిలబడినా తిప్పుతోందని ఆమె గోల. పూజారి నవ్వు ఆపుకోలేక మంత్రం మరిచిపోయాడట.

మరచేతుల స్వభావమే అంత. మనిషి ప్రాణం పెట్టి చేసిన పనిని చెయ్యి నేర్చేసుకుంటుంది. ఆ సమయంలో చుట్టూ ఉన్న వాసననో చప్పుడునో కూడా కలిపి గుర్తు పెట్టుకుంటుంది. మళ్ళీ అదే వాసన, అదే చప్పుడు తగిలిందా, మనిషిని అడక్కుండానే పని మొదలెట్టేస్తుంది. అందుకే ఒకరి చేతిని మరొకరికి బిగించే ముందు అలవాట్లన్నీ తుడిచెయ్యాలి. నాకు ముందు ఈ కొట్టు నడిపినాయన ఒకసారి తుడవకుండానే మంగలి చేతిని బడిపంతులుకి బిగించాడు. తలనూనె వాసన వస్తే చాలు, ఆ పంతులు పిల్లల మెడలు వంచేవాడట.

మధ్యాహ్నం ఏసురత్నం బాబాయ్ వచ్చాడు. వరసకేమీ కాడు, ఊరందరికీ బాబాయే. నీటి యుద్ధంలో గట్టుమీది ఊరి మీదికి మనవాళ్ళు పంపిన దళంలో ఇప్పటికి బతికున్నది ఆయనొక్కడే. యుద్ధానికి ముందే మంచుగనిలో కుడిచెయ్యి పోతే, మరచెయ్యితోనే వెళ్ళాడు. ఆ చెయ్యి ఇప్పుడు బాగా అరిగిపోయింది. స్మారక సంఘం ఆయనకి కొత్తది ఇప్పించింది. పాతదాన్ని ఈ ఆదివారం, స్మరణ దినం నాడు, స్మారక మందిరంలో గాజుపెట్టెలో పెడతారు. సైరన్ మోగినప్పుడల్లా అది పెట్టెలోనే వందనం చేస్తుందట. ఆ ఆలోచన సంఘం అధ్యక్షుడు రంగనాయకులు గారిది. నెల్లాళ్ళుగా ఆయన కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

కొత్త చెయ్యి బిగించి, వేళ్ళు ఆడించమన్నాను. బాబాయ్ ఆడించాడు. లేచి వెళ్ళబోతూ ఆగాడు.

“పాతదాన్ని తుడిచెయ్యి హైమా.”

“తుడిస్తే వందనం పోద్ది బాబాయ్. పెట్టెలో కట్టె లాగా పడుంటది.”

“అందుకే చెబుతున్నా. తుడిచెయ్యి. ఎవరికీ చెప్పబాక.”

సరే అన్నాను. అన్నానే గానీ, అప్పటి నుంచీ నా బుర్ర ఒకచోట నిలవడం లేదు. మా ఊరి వందనం మొత్తం ఆ చెయ్యి నుంచే వచ్చింది మరి. యుద్ధం అయ్యాక జరిగిన మొదటి స్మరణ దినం నాడు సైరన్ మోగగానే, వేదిక మీద బాబాయ్ ఛాతీ విరుచుకుని కుడి అరచేతిని ముందుకు చాచి, గాలిని ఒత్తినట్టు పట్టి, అలాగే బిర్రబిగిసి నిలబడ్డాడట. చివర్లో రెండు వేళ్ళు ముందుకు చాపి మెల్లగా కిందికి దించాడట. సిపాయిల వందనం అదేనని జనం కూడా చేశారు. మరుసటేడూ చేశారు. ఇప్పుడు బడిలో నేర్పుతారు. చివరి వేళ్ళ కదలికకి ‘పువ్వు పెట్టడం’ అని పేరు. ప్రతి ఏడూ ముందు నిలబడి అందరిచేతా చేయించేది వీరరాఘవమ్మ పెద్దమ్మ. ఆమె కొడుకు మురహరి ఆ యుద్ధంలోనే పోయాడు.

అలాంటి చేతిని ఆయనే తుడవమంటాడేం?

మంగళవారం

తుడవలేదు. నాకు కుతూహలం ఎక్కువ. మా అమ్మ దాన్ని పాడుబుద్ధి అనేది.

చెయ్యి విప్పి చూశాను. వింతగా ఉంది. గాలిలో చేసే వందనానికి బరువేమీ ఉండదు, పళ్ళచక్రాలు అరగవు. ఈ చేతిలో మోచేతి చక్రాలు ఒకే వైపు అరిగాయి, అదీ కిందికి నొక్కే వైపు. అరచేతి రబ్బరు మణికట్టు వైపు పల్చబడి లోపలి తీగ కనబడుతోంది. ఏదో గట్టిదాన్ని ఏళ్ళ తరబడి అదిమిన చెయ్యి ఇది.

పిండి పిసికి ఉంటాడా అనుకున్నాను. బాబాయ్ జన్మలో పిండి ముట్టలేదు. వంటశాలలోనే తింటాడు, అక్కడా వంకలు పెడతాడు. గనిలో పని వల్ల అనుకుందామంటే, యుద్ధం నుంచి వచ్చాక ఆయన గనిలోకే దిగలేదు.

భ్రమరాంబ చేతికి తీగ తగిలించి, గరిటె అలవాటు తుడిచి పంపేశాను. ఇక గుడిలో గరిటె తిప్పదు. వంటశాలలోనైనా తిప్పుతుందో లేదో రేపు తెలుస్తుంది.

బుధవారం

ఈ రోజు కొట్టు తలుపు మూసి ఒక పిచ్చిపని చేశాను.

బాబాయ్ పాత చేతిని బల్లకి బిగించి కరెంటు ఇచ్చి, సైరన్ చప్పుడు మెల్లగా వినిపించాను. చెయ్యి కదిలింది. కానీ వందనంలా ముందుకు చాచలేదు. కిందికి వంగింది. బల్లని తడుముకుంటూ వెతికింది. ఏమీ దొరక్క ఆగి, మళ్ళీ వెతికింది. చీకట్లో కళ్ళజోడు వెతుక్కునే మనిషిలా ఉంది దాని వాలకం. గుడ్డ చుట్టిన చెక్క పెట్టాను. ఒప్పుకోలేదు. రబ్బరు దిండు పెట్టాను. కాసేపు ఒత్తి వదిలేసింది.

అప్పుడు నా ముంజేతిని దాని కిందికి తోశాను.

ఇనుప చెయ్యి నలిపేస్తుందేమోనని భయమేసింది. నలపలేదు. అరచెయ్యి నా చర్మం మీద అటూ ఇటూ జరిగి, నాడి కొట్టుకునే చోటు కనిపెట్టింది. కనిపెట్టి దాని మీద ఆనింది. ఆనాక తన బరువంతా మోపింది. నొప్పి పుట్టేంత గట్టిగా కాదు, వదిలించుకోగలిగేంత మెత్తగానూ కాదు. నా నాడి కొట్టుకున్నప్పుడల్లా పట్టు కొంచెం సర్దుకుంటోంది. నేను భయపడితే నాడి వేగం పెరిగింది, అది ఇంకా గట్టిగా పట్టింది. అలా చాలాసేపు ఉంది. వంటశాల గంట మోగినా వదల్లేదు.

చివరికి దానంతటదే వదిలేసింది. తర్వాత రెండు వేళ్ళు ముందుకు చాపి, గాలిలో మెల్లగా కిందికి దించింది. మా బడిలో నేర్పే పువ్వు అదే.

గాయం మీద ఒత్తి పట్టుకున్న చెయ్యి ఇది. పట్టుకుని, పట్టుకుని, చివరికి ఆ రెండు వేళ్ళతో ఆ మనిషి కళ్ళు మూసింది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఇన్నేళ్ళుగా ఊరంతా చేస్తున్నది ఇదా?

గురువారం

బాబాయ్‌ని పిలిచి అడిగేశాను. దాచడం నాకు చేతకాదు.

ఆయన కోప్పడతాడనుకున్నాను. స్టూలు మీద కూర్చుని కొత్త చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాన్ని ఎవరో దాచుకోమని ఇచ్చిన వస్తువులా చూసుకున్నాడు.

“చూడకుండా తుడవమన్నా గదమ్మా.”

“నేను చూడకుండా ఉంటానని ఎట్టా అనుకున్నావు బాబాయ్?”

“అదీ నిజమే.” కొంచెం నవ్వాడు. “సైరన్ మోగితే అది కిందికి గుంజుద్ది హైమా. ఇంట్లో ఉంటే నా తొడ దాని కిందికి తోస్తా. వేదిక మీద ఎట్టా? పడిపోకుండా ఉండాలని రెక్క బిగబట్టి, ఛాతీ వెనక్కి విరిచి నిలబడ్డా. వీళ్ళు దాన్ని వందనమనుకున్నారు. చప్పట్లు కొట్టారు. ఏం చెప్పమంటావు?”

“ఎవరి మీద బాబాయ్ ఆ చెయ్యి?”

“మురహరి” అన్నాడు.

పేలుడులో మురహరి అప్పటికప్పుడే, నొప్పి తెలియకుండా పోయాడని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ మాట వాళ్ళమ్మకి చెప్పింది ఏసురత్నం బాబాయే. ఆమె గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాడట.

“ఆ పెట్టెలో పెడితే నీలాంటోళ్ళు ఎవరో ఒకరు చెయ్యి కింద చెయ్యి పెట్టకుండా ఉండరు. అక్కకి తెలిసిపోద్ది. ఈ వయసులో ఆమెకి అది తెలవకూడదు. ఇన్నేళ్ళూ నేను కాపాడుకొచ్చింది అదొక్కటే.”

తుడిచేస్తాను, ఇప్పుడే తుడిచేస్తాను అన్నాను. తుడిచే తీగ తగిలించబోతే ఆయన ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

“రేపు సాయంత్రం దాకా ఉంచు.”

“ఎందుకు?”

“వాడి నాడి తెలిసింది దానికొక్కదానికే.”

శుక్రవారం

రాయడానికి చేతులు రావడం లేదు, అయినా రాస్తాను.

పొద్దున బడి పిల్లల చక్రాల బండి బాగుచేస్తుంటే వీరరాఘవమ్మ పెద్దమ్మ వచ్చింది. ఆదివారం ఆ చేతికి వెయ్యడానికి కాగితప్పూల దండ తానే కడుతోందట, కొలత కావాలంది. వద్దని ఎలా చెప్పను? బల్ల దగ్గర కూర్చోబెట్టాను. పెద్దమ్మ ఆ మరచేతి మణికట్టుకి దారం చుట్టి కొలుస్తూ, “ఎంత బరువుగా ఉందే ఇది” అంది.

సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది. ఆదివారం పనిచేస్తుందో లేదోనని రంగనాయకులు గారు మోగించి చూశారట. ఆ చేతికి బుధవారం ఇచ్చిన కరెంటు తీసెయ్యడం నేను మరిచిపోయాను.

చెయ్యి కిందికి వంగి పెద్దమ్మ చేతిని తడిమింది. నాడి దొరకబుచ్చుకుని అదిమిపట్టింది. నేను తీగ పీకబోతే ఆమె “ఆగు” అంది. ఆ గొంతు విని ఆగిపోయాను. యుద్ధం రోజుల్లో ఆమె ఆస్పత్రిలో గాయాలు కట్టేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆమె కదలకుండా కూర్చుంది. సైరన్ ఆగింది. చెయ్యి ఆగలేదు. చాలాసేపటికి వదిలేసి, వేళ్ళు చాపి, గాలిలో కిందికి దించింది. పెద్దమ్మ ఆ వేళ్ళ వంకే చూసింది.

“ఇట్టా నేను ఎంతోమందికి చేశా హైమా, ఆస్పత్రిలో. ఒత్తిపట్టడమూ చేశా, కళ్ళు మూయడమూ చేశా. ఎవరికి చేసింది ఈ చెయ్యి?”

నేను తల తిప్పుకుని, అప్పుడు పీకాను కరెంటు తీగ. ఆమెకి నా ముఖమే సరిపోయింది.

“పిలువు వాణ్ణి” అంది.

బాబాయ్ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. బల్ల మీది చేతినీ, దాని పక్కన కూర్చున్న ఆమెనీ చూసి అంతా తెలుసుకున్నాడు.

“అక్కా...”

“లోపలికి రా. అప్పటికప్పుడే పోయాడన్నావే?”

“అట్టా చెబితే నువ్వు నిద్రపోతావనుకున్నానక్కా.”

“నేను నిద్రపోయా. నువ్వు పోయావా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“ఎంతసేపున్నాడు?”

“సైరన్ మోగినంతసేపూ ఉన్నాడు. ఆగినాక కూడా కొంతసేపు. మన బండి రాలా.”

“మాట్లాడాడా?”

“తిట్టాడు.” బాబాయ్ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. “నీ ఇనప చెయ్యి బరువుగా ఉంది మామా, తియ్యి అన్నాడు. తీస్తే రక్తం ఆగదురా, ఓర్చుకో అన్నా. తియ్యి మామా, తియ్యి మామా అంటానే ఉన్నాడు. నేను తియ్యలా అక్కా. వాడు అడగడం మానేసినాక తీశా.”

పెద్దమ్మ లేచింది. ఆయన కొత్త చేతి మీద చాచి కొట్టింది. ఇనుము కదా, దెబ్బ ఆమెకే తగిలింది. ఆయన కదల్లేదు.

“ఏడాదికొకసారి నన్ను అందరి ముందరా నిలబెట్టి, నా బిడ్డ కళ్ళు నాచేతే మూయించావు గదయ్యా! పువ్వు పెడుతున్నాననుకున్నా నేను!”

ఆ మాటతో ఆయన నేల మీద కూలబడ్డాడు. నేను గోడకి ఆనుకుని, ఎక్కడికైనా మాయమైపోతే బాగుండునని నిలబడ్డాను. ఇదంతా నా పాడుబుద్ధి వల్లే వచ్చిందనిపించింది.

చాలాసేపటికి పెద్దమ్మ మళ్ళీ కూర్చుంది. ముక్కు చీదుకుంది.

“వాడంతే. దుప్పటి కప్పినా బరువనేవాడు. చంటిపిల్లోడప్పుడు కూడా తన్నేసేవాడు. నేను మళ్ళీ కప్పేదాన్ని” అంది. “తీసుంటే ఏమయ్యేది?”

“అప్పుడే పోయేవాడు.”

“ఇంకా ఏమన్నాడు? తిట్టినయ్యన్నీ చెప్పు. ఒక్కటీ వదలబాక.”

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. నేను టీ పెట్టే వంకతో లోపలికి వెళ్ళిపోయాను. వాళ్ళిద్దరి మధ్య అనుకున్నవి ఈ చిట్టాలో రాయను. ఎవరూ చదవకపోయినా సరే. ఒకసారి మాత్రం పెద్దమ్మ నవ్వడం వినబడింది.

శనివారం

రంగనాయకులు గారు పరుగున వచ్చారు. గాజుపెట్టె తయారైందట, చెయ్యి ఇమ్మన్నారు. వీరరాఘవమ్మ పెద్దమ్మ ఇవ్వొద్దందని చెప్పాను. ఎందుకన్నారు. రేపు ఆమె చెబుతుందన్నాను. ఆయన తలపాగా తీసి మళ్ళీ పెట్టుకున్నారు. ఆ పెట్టె కోసం సొంత ఇంటి కిటికీ అద్దం ఊడదీసి ఇచ్చిన మనిషి. జాలేసింది.

“పోనీ, ఖాళీ పెట్టె పెట్టనా?” అని అడిగారు.

నాకేం తెలుసు? టీ ఇచ్చి పంపాను.

సాయంత్రం బాబాయ్ వచ్చి పాత చెయ్యి తీసుకెళ్ళాడు. తుడవమంటావా అని అడిగాను. “అక్క తన ఇంట్లో పెట్టమంది. అట్టానే పెట్టమంది” అన్నాడు.

ఆదివారం

స్మారక మందిరం కిక్కిరిసింది. నీళ్ళ గొట్టం మరమ్మతు చేసేందుకు వచ్చిన గట్టుమీది వాళ్ళు నలుగురు కూడా వెనక నిలబడ్డారు. ఏ నీళ్ళ కోసం కొట్టుకున్నామో ఆ నీళ్ళు ఇప్పుడు రెండూళ్ళకీ ఒకే గొట్టంలో వస్తున్నాయి. వాళ్ళ వైపు పోయిన వాళ్ళ పేర్లు మా గోడ మీద లేవు, మా వాళ్ళ పేర్లు వాళ్ళ గోడ మీద లేవు.

సైరన్‌కి ముందు వీరరాఘవమ్మ పెద్దమ్మ మైకు అడిగి తీసుకుంది. పెద్ద ఉపన్యాసమేమీ చెప్పలేదు.

“ఇన్నాళ్ళూ మనం చేస్తున్నది వందనం కాదు. నా కొడుకు గాయం మీద ఏసురత్నం చెయ్యి పెట్టి అదిమాడు. అది చూసి మనం నేర్చుకున్నాం. చివర్న పెట్టేది పువ్వు కాదు. వాడి కళ్ళు మూయడం. నాకూ మొన్ననే తెలిసింది.”

ముందు వరసలో ఒక చిన్నపిల్ల తన రెండు వేళ్ళ వంక చూసుకుంది. రంగనాయకులు గారు ఒకటికి రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

“అయితే అక్కయ్యా... ఇక మానేద్దామా?”

“మానొద్దు. నిలబడి మాత్రం చెయ్యబాకండి. వాడు కింద పడున్నాడు గదా.”

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. నడుము నొప్పి మనిషి, కూర్చోవడానికి కష్టపడింది. ఎవరూ సాయం పట్టే ధైర్యం చెయ్యలేదు. రంగనాయకులు గారు తలపాగా తీసి పక్కన పెట్టి కూర్చున్నారు. తర్వాత వరస వరసే కూర్చుంది. వెనక్కి తిరిగి చూస్తే గట్టుమీది వాళ్ళు నలుగురూ మోకాళ్ళ మీదే ఉన్నారు.

సైరన్ మోగింది. నా అరచెయ్యి నేల మీద ఆనించి ఒత్తాను. నేల చల్లగా ఉంది. కిందెక్కడో నీళ్ళ యంత్రం నడుస్తున్న అదురు చేతికి తెలుస్తోంది.

ఏసురత్నం బాబాయ్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. కొత్త చేతికి ఏమీ తెలియదు, ఊరికే వేలాడుతోంది. ఆయన దాని వంక చూసుకున్నాడు. తర్వాత వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చుని, తనంతట తానే ఆ చేతిని చాచాడు. నేల మీద ఉన్న పెద్దమ్మ చేతి మీద ఆనించి ఒత్తిపట్టాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

సైరన్ ఆగింది. ఆయన చెయ్యి తియ్యలేదు. ఆయన తీసేదాకా ఎవరమూ తియ్యలేదు. నా మోకాళ్ళు తిమ్మిరెక్కాయి, పక్కవాళ్ళవీ ఎక్కే ఉంటాయి. ఇంత ఒత్తి, ఇంతసేపు, ఒక మనిషి తియ్యి తియ్యి అంటుంటే ఎలా పట్టుకున్నాడో నాకు అర్థం కాలేదు. అర్థమవుతుందని కూడా అనుకోను.

పెద్దమ్మ ఆయన వైపు వంగింది. మైకు పక్కనే ఉండటంతో ఆ మాట అందరికీ వినబడింది.

“ఇక తియ్యి, తమ్ముడూ.”

బాబాయ్ చెయ్యి తీశాడు.